పూల్

చూడదగ్గవి ఏమున్నాయని అడిగారు.
సిరోంచకు వచ్చి ఆ మాట అడిగేవాళ్లు తక్కువ.
కూర్చోండి, చాయ్ తాగండి, చెప్తాను.

ముందు ఆ బంగళా.
తెల్లదొరలు కట్టారు, గుమ్మాలకు మన టేకే.
సముద్రం నుంచి ఇక్కడిదాకా పొగపడవలు తేవాలని
కాగితం మీద గోదావరిని తిన్నగా గీసుకున్నారట.
నదికి చదువు రాదు కదా,
రాళ్లు చూపించి వెనక్కి పంపింది.
వరండాలో ఒక పడక కుర్చీ మిగిలింది,
ఇప్పుడందులో చౌకీదారు మేక పడుకుంటుంది.

ఊరవతల పొలాల్లో రాతి ఎముకలు దొరుకుతాయి.
మనుషులకు ముందటి జంతువులవని
పెద్ద చదువులవాళ్లు వచ్చి చెప్పారు.
మా బానక్క అవ్వ అలాంటిదాని మీద
నలభై ఏళ్లు మిరపకాయలు నూరింది.
తెలిసిన రోజు దాన్ని కడిగి, పసుపు పెట్టి,
"ఇన్నేండ్లు చెప్పకపోతివి గదే" అని,
మర్నాడు మళ్లీ నూరింది.

సంతలో కిరాణా దుకాణం గోడ చూడండి,
మనిషి తలకన్నా జానెడు పైన బొగ్గు గీత.
ఎనభై ఆరు వరద.
సున్నం వేసిన ప్రతిసారీ దాన్ని తప్పించి వేస్తారు.
మా ఊరి శిలాశాసనం అదే.
ఇసుకలో పుచ్చతోటలు కూడా ఉండేవి,
కింద బరాజు కట్టాక
నీళ్లు వెనక్కి నడవడం నేర్చాయి.

బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు,
ఇప్పపువ్వు తెచ్చే మాడియా ఆడవాళ్లతో
బేరం తెగేదాకా వాళ్ల మాట.
తిట్లకు ఏది దగ్గరుంటే అది.

అందుకే, నా తొమ్మిదో ఏట
మాస్తరు "పూల్ యేణార్" అంటే
ఇంటికి ఉరికి అవ్వతో "పూలొస్తయంట" అన్నాను.
"ఎన్ని బండ్లు?" అంది అవ్వ.
మరాఠీలో పూల్ అంటే వంతెన.
అది రావడానికి నా జుట్టు నెరవాల్సి వచ్చింది.

అప్పటిదాకా మా నాయిన, గట్టు సడవలి.
ఇటు సిరోంచ, అటు కాళేశ్వరం, నడుమ పడవ.
మనిషికి రూపాయి, మేకకు ఆఠాణా,
శవానికి ఉత్తగనే.
అర్ధరాత్రి అవతలి ఒడ్డున "ఓ సడవలీ" అని వినబడితే
నిద్రలోనే తెడ్డు కోసం తడుముకునేవాడు.
ఒకసారి నొప్పుల మనిషిని దాటిస్తుంటే
నడి నీళ్లలో బిడ్డ పుట్టింది.
ఏ రాష్ట్రం అని రాయాలో తేలక
ఇటు ఆసుపత్రీ కాగితం ఇవ్వలేదు, అటుదీ ఇవ్వలేదు.
మీకు చాయ్ ఇచ్చింది ఆమే.
పేరు ప్రాణహిత కాదు, అందరూ అదే అనుకుంటారు,
రాజుబాయి.

వంతెన తెరిచిన నాడు
నిజంగానే పూలొచ్చాయి, బంతిదండలు రెండు ట్రాలీలు.
అవ్వ లేదు లెక్కపెట్టడానికి.
నాయిన ఉపన్యాసాలు అయిపోయేదాకా నిలబడి విని,
ఇంటికొచ్చి పడవను బోర్లించాడు.
వారం తిరగకుండా కోళ్లు దూరాయి.

ఇప్పుడు బస్సులో పోయేవాళ్లు
కిటికీలోంచి నదికి దండం పెట్టి రూపాయి విసురుతారు.
మా నాయిన కిరాయీ అంతే.
ఎండాకాలం నీళ్లు తగ్గాక
పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి
ఆ బిళ్లలు పైకి లాగుతారు.
నా కొడుకు ఒకటి తెచ్చి తాత చేతిలో పెట్టాడు.
బొటనవేలితో బురద తుడిచి,
అటు తిప్పి, ఇటు తిప్పి,
"ఒక మనిషి దాటిండు" అన్నాడు.

అప్పటినుంచి నూనె డబ్బాలో వేస్తున్నాడు.
ఖర్చు పెట్టడు, ఎవర్నీ ముట్టనివ్వడు,
పున్నమికోసారి లెక్క చూస్తాడు.
రాతిరి ఎప్పుడైనా మంచం మీద లేచి కూర్చుంటే
ఎవరు పిలిచారని మేమూ అడగం.

మీ బస్సు ఐదింటికి.
కిటికీ పక్కన కూర్చోండి.
చిల్లర ఉందా?